తండ్రి పేరు మార్చకుండా బిడ్డను పెంచుకోవడం





కొన్ని సంవత్సరాల క్రితం ఒక నికాహ్ సభలో నేను సాక్షిగా కూర్చున్నాను. ఖాజీగారు దఫ్తరు తెరిచి వధువు పేరు, ఆమె తండ్రి పేరు అడిగారు. పెండ్లి పెద్దగా కూర్చున్న వ్యక్తి తన పేరే చెప్పారు. పక్కనున్న వృద్ధుడొకరు ఆయన చెవిలో ఏదో అన్నారు. ఆయన ముఖం మారిపోయింది. ఖాజీగారిని వెంటబెట్టుకుని పక్క గదిలోకి వెళ్లారు. పావుగంట గడిచింది. తనను ఇరవై రెండేండ్లు పెంచినవారు తన కన్నవారు కారన్న సంగతి ఆ పావుగంటలోనే, పెండ్లి దుస్తుల్లో కూర్చుని ఉండగా, బంధువుల గుసగుసల ద్వారా ఆ అమ్మాయికి తెలిసింది. నికాహ్ జరిగింది. వలీమా విందూ జరిగింది. కానీ ఆ తరువాత చాలాకాలం ఆమె పుట్టింటి గడప తొక్కలేదని విన్నాను.

ఆ దంపతులు చెడ్డవారు కారు. ఆ బిడ్డకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకున్నవారు, ఆమె చదువుకోసం ఉన్న స్థలాన్ని అమ్ముకున్నవారు. నిజం చెప్పే రోజును మాత్రం ఏటేటా వాయిదా వేస్తూ వచ్చారు. బడిలో చేర్చినప్పుడు చెబుదామనుకున్నారు, పదో తరగతి అయ్యాక అనుకున్నారు, చివరికి ఆ రోజు తనంతట తానే వచ్చింది.

మన జమాఅత్‌లో సంతానం లేని దంపతులు ఉన్నారు. బిడ్డను తెచ్చుకోవాలని ఆలోచిస్తున్నవారు, తెచ్చుకుని పెంచుతున్నవారు కూడా ఉన్నారు. వారు నన్ను తరచుగా అడిగే మొదటి ప్రశ్న, "ఇస్లాంలో పెంపకం నిషిద్ధమట కదా?" అని. ఈ మాట ఎక్కడినుంచి పుట్టిందో, ఎంతవరకు నిజమో ముందు తేల్చుకోవాలి. లేకపోతే పెంచాలనుకున్నవారు భయపడి వెనక్కు తగ్గుతారు, పెంచుతున్నవారు తప్పు చేస్తున్నామన్న బెరుకుతో దాచిపెడతారు.

నిషిద్ధమైనది బిడ్డను పెంచడం కాదు, బిడ్డ వంశాన్ని మార్చడం. అరబ్బుల్లో ఒక ఆచారం ఉండేది. ఒకరి బిడ్డను తెచ్చుకుని, తన బిడ్డ అని నలుగురిలో ప్రకటించి, తండ్రి పేరు తీసివేసి తన పేరు తగిలించేవారు. దీన్ని తబన్నీ అంటారు. సూరె అహ్‌జాబ్ 4, 5 ఆయతుల్లో అల్లాహ్ రద్దు చేసింది ఈ ఆచారాన్నే. పెంచిన బిడ్డలను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని, తండ్రులెవరో తెలియకపోతే వారిని ధర్మరీత్యా సోదరులుగా, ఆప్తులుగా భావించాలని ఆదేశించాడు. గమనించండి, తండ్రి తెలియని బిడ్డ గురించి కూడా ఆ ఆయతులోనే ప్రస్తావన ఉంది. అటువంటి బిడ్డకు మన మధ్య స్థానమేమిటన్న ప్రశ్నకు జవాబు ఆనాడే వచ్చేసింది.

హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) వృత్తాంతం మీలో చాలామందికి తెలుసు. కల్బ్ తెగకు చెందిన బాలుడు. తల్లితో కలిసి ఆమె పుట్టింటివారిని చూడబోతే దోపిడీదారులు ఎత్తుకుపోయి ఉకాజ్ సంతలో అమ్మివేశారు. అలా హజ్రత్ ఖదీజా (రజి) ఇంటికి, ఆమె ద్వారా దైవప్రవక్త (స) వద్దకు చేరాడు. కొన్నాళ్లకు కొడుకు ఆచూకీ తెలిసి తండ్రి హారిసా, పినతండ్రి మక్కాకు వచ్చారు. విడుదల ధనం ఇస్తామన్నారు. అప్పటికి ఇంకా ప్రవక్త పదవి లభించలేదు. అయినా ఆ మహనీయుడు ధనం మాట ఎత్తలేదు. నిర్ణయాన్ని జైద్‌కే వదిలివేశారు. జైద్ ఇక్కడే ఉంటానన్నాడు. అప్పుడు ఆయన జైద్‌ను కాబా వద్దకు తీసుకెళ్లి తన కుమారుడని ప్రకటించారు. నాటినుంచి ప్రజలు జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవసాగారు. ఆయతు అవతరించాక తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. పేరు వెనక్కు పోయింది కదా, ప్రేమ కూడా పోయిందా? జైద్ (రజి) ప్రయాణం నుండి మదీనాకు తిరిగివచ్చి తలుపు తట్టినప్పుడు దైవప్రవక్త (స) ఆతురతతో లేచి వెళ్లి కౌగిలించుకున్నారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. సైన్యాలకు ఆయనను నాయకునిగా పంపారు. ముఅతా యుద్ధంలో మొదటి సేనాని ఆయనే, అక్కడే షహీద్ అయ్యారు. ఆయన కుమారుడు ఉసామాను ఒక తొడపైన, తన మనుమడు హసన్‌ను మరో తొడపైన కూర్చోబెట్టుకున్నారు. సహచరులందరిలో ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన ఏకైక వ్యక్తి ఈ జైదే. తండ్రి పేరు తిరిగి ఇచ్చినంత మాత్రాన బంధం సన్నగిల్లలేదు.

తండ్రి ఎవరో తెలియని బిడ్డ సంగతి చూద్దాం. హజ్రత్ సాలిం (రజి) అటువంటివారే. అబూ హుజైఫా (రజి) ఇంట్లో కొడుకువలె పెరిగారు. ఆయతు వచ్చాక ఆయనను ఫలానా వారి కుమారుడని పిలవడానికి తండ్రి పేరు తెలియదు. కనుక అబూ హుజైఫా మౌలా, అంటే ఆప్తుడు, అని పిలిచారు. దైవప్రవక్త (స) మదీనాకు రాకముందు ఖుబా సమీపంలో తొలి ముహాజిర్లకు నమాజు చేయించింది ఈ సాలిమే, ఎందుకంటే ఖుర్ఆన్ అందరికంటే ఎక్కువగా ఆయనకే వచ్చు. ఖురైషు ప్రముఖులు ఆయన వెనుక వరుసల్లో నిలబడ్డారు. మన వీధుల్లో ఇప్పటికీ, "ఎవరి బిడ్డో, ఏ రక్తమో" అని పెదవి విరిచేవారు ఈ వరుసలను ఒకసారి తలచుకోవాలి.

దీనికి షరీఅత్‌లో ఉన్న మాట కఫాలత్. బిడ్డ బాధ్యతను తన మీద వేసుకోవడమని అర్థం. హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) పెంపకాన్ని గురించి ఖుర్ఆన్ వాడిన పదం ఈ ధాతువు నుండి వచ్చిందే. ఆమె బాధ్యత ఎవరిదన్న విషయమై చీటీలు వేసినట్లుగా కలాలు వేశారు. అది హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) పాలైంది. అప్పటికి ఆయనకు సంతానం లేదు. అంతటి ప్రవక్త పెంచినా ఖుర్ఆన్ మర్యమ్‌ను ఇమ్రాన్ కుమార్తె అనే అంటుంది. అనాథ బాధ్యతను స్వీకరించినవాడు స్వర్గంలో తనకెంత సన్నిహితంగా ఉంటాడో చూపడానికి దైవప్రవక్త (స) తమ రెండు వ్రేళ్లను చూపారన్న హదీసు మీరు ఎన్నోసార్లు విన్నదే. ఆయన స్వయంగా తండ్రి ముఖం చూడకుండా పుట్టి, ఎనిమిదేండ్ల వరకు తాత చేతుల్లో, తరువాత పినతండ్రి అబూ తాలిబ్ ఇంట్లో పెరిగారు. తరువాత కరవు వచ్చి అబూ తాలిబ్ కుటుంబం ఇబ్బంది పడినప్పుడు అలీ (రజి)ని తమ ఇంటికి తెచ్చుకున్నారు.

ఇక మన దేశ చట్టం. 1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులు, సిక్కులు, జైనులు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. ముస్లింలు, క్రైస్తవులు, పార్సీలు చాలాకాలం 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు నుండి సంరక్షకత్వం మాత్రమే పొందగలిగేవారు. బిడ్డకు పద్దెనిమిదేండ్లు నిండగానే అది ముగుస్తుంది. తన ఇంట పెరుగుతున్న పాపకు తాను సంరక్షకురాలిని మాత్రమే ఎందుకు కావాలంటూ షబ్నం హాష్మీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చునని, అయితే అది అవకాశమే తప్ప నిర్బంధం కాదని, తన మతధర్మాన్ని అనుసరించాలనుకునేవారు అలాగే అనుసరించవచ్చునని కోర్టు చెప్పింది. ముస్లిం పర్సనల్ లా బోర్డు ఆ కేసులో కఫాలత్ విధానాన్ని వివరించింది.

కనుక ఇప్పుడు మన ముందు రెండు దారులున్నాయి. సంరక్షకత్వం ఒకటి, జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కింద దత్తత మరొకటి. రెండో దారిలో కలెక్టరు ఉత్తర్వు ఇచ్చిన రోజు నుండి బిడ్డ చట్టం దృష్టిలో సొంత బిడ్డే అవుతుంది, వారసత్వంతో సహా. మన వారసత్వ నియమాలు వేరు. కనుక సంతకం పెట్టక ముందే ఒక ఆలిమ్‌తోను, ఒక వకీలుతోను, వీలైతే ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడండి. నేను ఎవరికీ ఇది చేయండి, అది చేయకండి అని మింబర్ మీదినుండి చెప్పను. ప్రతి ఇంటి పరిస్థితి వేరు.

మూడో దారి ఒకటి ఉంది. దాని గురించి మాత్రం మింబర్ మీదినుండే చెబుతాను. ఎవరో ఆయా, ఎవరో మధ్యవర్తి, ఏదో ప్రైవేటు ఆసుపత్రి. డబ్బు చేతులు మారుతుంది, బిడ్డ చేతులు మారుతుంది, జనన ధ్రువపత్రంలో కన్నతల్లి స్థానంలో పెంచే తల్లి పేరు ఎక్కుతుంది. బిడ్డను అమ్మినా కొన్నా అయిదేండ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆసుపత్రి సిబ్బంది అయితే మూడు నుండి ఏడేండ్లు. శిక్ష సంగతి అలా ఉంచండి. ఆ తప్పుడు ధ్రువపత్రం ఏమిటి? అహ్‌జాబ్ సూరా రద్దు చేసిన ఆ పాత ఆచారమే, ప్రభుత్వ ముద్రతో. పైగా ఆ బిడ్డ వెనుక ఏ తల్లి ఏడుస్తున్నదో మనకు తెలియదు. సక్రమమైన మార్గంలో అయితే, బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి అరవై రోజుల గడువుంటుంది. ఎక్కడైనా వదిలేసిన బిడ్డ కనిపిస్తే ఇంటికి తెచ్చుకోకండి, 1098కి ఫోను చేయండి. దిక్కులేని శిశువును కాపాడటం గురించి మన ఫిఖ్హ్ గ్రంథాల్లో లఖీత్ అనే ప్రత్యేక అధ్యాయమే ఉంది, కాపాడటం వేరు, దాచుకోవడం వేరు.

సక్రమ మార్గం నెమ్మదిగా నడుస్తుంది. కేంద్ర దత్తత సంస్థ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి పరిశీలిస్తారు. వంటింటి అలమరలు చూడటానికి కాదు వారు వచ్చేది. భార్యాభర్తలిద్దరికీ ఇష్టమేనా, ఇంట్లోని పెద్దలకు ఇష్టమేనా, ఎవరైనా బలవంతం చేశారా అని తెలుసుకోవడానికి. భర్త ఒక్కడే మాట్లాడుతూ భార్య తలవంచుకుని కూర్చునే ఇంట్లో వారికి అనుమానం రావడం సహజం. తరువాత సంవత్సరాల తరబడి నిరీక్షణ. బిడ్డ వివరాలు వచ్చినప్పుడు 48 గంటల్లో అంగీకారం తెలపాలి. బిడ్డ ఇంటికి వచ్చాక రెండేండ్ల పాటు ఆరేసి నెలలకొకసారి వచ్చి చూసి వెళతారు. బంధువుల బిడ్డను తెచ్చుకున్నా చట్టపరమైన పత్రాలుండాలి, నోటిమాట చాలదు.

మన ఇండ్లలో ఎక్కువగా జరిగేది ఆ బంధువుల బిడ్డను తెచ్చుకోవడమే. తమ్ముడికి నలుగురు, అన్నకు ఒక్కరూ లేరు. కాన్పు గదిలోనే మాట ఇచ్చేస్తారు. ఆ సమయంలో ఆ తల్లి మనసు ఎలా ఉందో ఎవరూ అడగరు. పదేండ్లు గడిచాక అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా వస్తుంది. "మా బిడ్డను మాకివ్వండి" అంటారు. చీర, పెట్టె సర్దినట్లు బిడ్డను సర్దుకుని వెళ్లిపోతారు. ఇటువంటిది నా కళ్లతో చూశాను. ఆ పిల్లవాడు రెండిళ్ల మధ్య ఉన్న మస్జిద్ అరుగు మీద కూర్చునేవాడు, ఏ ఇంటికి పోవాలో తెలియక. మాట ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ముందే పెద్దల సమక్షంలో అన్నీ తేల్చుకుని వ్రాసుకోండి. బిడ్డకు కన్నతండ్రి ఆస్తిలో ఉన్న వాటా షరీఅత్ ప్రకారం అలాగే ఉంటుంది. పెంపకానికి ఇచ్చామన్న నెపంతో దాన్ని మింగితే అది బిడ్డ హక్కును హరించడమే.

ఆస్తి మాట వచ్చింది గనుక అదీ చెబుతాను. పెంచిన బిడ్డ ఫరాయిజ్ ప్రకారం వారసుడు కాడు. అయితే వారసుడు కానివారికి ఆస్తిలో మూడోవంతు వరకు వసియ్యత్ వ్రాయవచ్చు. బ్రతికుండగా హిబా చేయవచ్చు. హిబా అంటే కాగితం మీద పేరు వ్రాసి బీరువాలో పెట్టుకోవడం కాదు, వస్తువును స్వాధీనపరచాలి. పెంచిన బిడ్డ పేరిట ఏ ఏర్పాటూ చేయకుండా కన్నుమూసిన వారి ఇంట్లో మూడో రోజే అన్నకొడుకులు వచ్చి తాళాలు అడగడం మనం ఎరగనిది కాదు. వసియ్యత్ వ్రాయడానికి వృద్ధాప్యం రానక్కరలేదు. బిడ్డ ఇంటికి వచ్చిన నెలలోనే వ్రాయండి.

పర్దా, మహ్రమ్ ప్రశ్న కూడా ముందే ఆలోచించవలసినది. ఇది నేటి ప్రశ్న కాదు. సాలిం (రజి) పెద్దవాడైనప్పుడు ఆయనను పెంచిన సహ్లా (రజి) ఇదే ఇబ్బందితో దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. వారికి లభించిన పరిష్కారం వారికే ప్రత్యేకమని అత్యధిక పండితుల అభిప్రాయం. మనకున్న మార్గం పసితనంలో పాలబంధం. చాలామంది ఇక్కడ పొరపడుతున్నారు. పాప అయితే పెంచే తండ్రి సోదరి, అంటే ఫుప్పు, పాలు పట్టాలి. అప్పుడు ఆ తండ్రి ఆ పాపకు పాలవరుసలో మేనమామ అవుతాడు. బాబు అయితే పెంచే తల్లి సోదరి, అంటే ఖాలా, పాలు పట్టాలి. అప్పుడు ఆ తల్లి పెద్దమ్మో పిన్నమ్మో అవుతుంది. ఇది తారుమారైతే, ఉదాహరణకు పాపకు ఖాలా పాలు పడితే, పెంచే తండ్రికి ఆ పాప శాశ్వత మహ్రమ్ కాదు. రెండేండ్ల లోపే జరగాలి. ఎన్నిసార్లు పట్టాలన్న దానిలో ఇమాముల మధ్య భేదం ఉంది కనుక అయిదు పర్యాయాలకు తక్కువ కాకుండా చూసుకోవడం జాగ్రత్త. పాలిచ్చే తల్లి ఆరోగ్యం గురించి వైద్యురాలిని అడగండి. ఏ తేదీన ఎవరు పాలిచ్చారో వ్రాసిపెట్టండి. ఆ తల్లి బిడ్డలు కూడా ఈ బిడ్డకు తోబుట్టువులవుతారు, రేపు పెండ్లి సంబంధాలు చూసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. పెద్దయ్యాక వచ్చిన బిడ్డ విషయంలో ఈ మార్గం లేదు. ఆ ఇంట్లో బాలిగ్ వయసుకు ముందునుంచే గదులు, దుస్తులు, మర్యాదలు అలవాటు చేసుకోవాలి. దానికి బిడ్డకు కారణం చెప్పాలి, లేకపోతే తనను దూరం పెడుతున్నారని అనుకుంటుంది.

సోదరులారా! కాగితాల సంగతి ఇంత. అసలు సన్నాహం ఇంటిలోపల జరగాలి.

ముందు దంపతులు తమ దుఃఖాన్ని తాము చూసుకోవాలి. సంతానం కలగలేదన్న బాధ, ఆసుపత్రుల చుట్టూ తిరిగిన అలసట, బారసాలకు పిలవకుండా వదిలేసిన బంధువుల మాటలు, ఇవన్నీ లోపల పచ్చిగా ఉండగా తెచ్చుకున్న బిడ్డ ఆ పుండుకు మందుగా మారుతుంది. అది బిడ్డ మోయగలిగిన బరువు కాదు. మరీ ఘోరమైనది, "ఒక బిడ్డను పెంచుకుంటే మీ కడుపు పండుతుంది" అనే మాట. దీన్ని నమ్మి బిడ్డను తెచ్చుకునేవారున్నారు. బిడ్డ తావీజు కాదు. కడుపు పండితే పక్కకు తీసిపెట్టేదీ కాదు.

ఇంట్లో పెద్దలను, ముఖ్యంగా దాదీని, నానీని, ముందే కూర్చోబెట్టి మాట్లాడాలి. మన భాషలో పెంపుడు అన్న మాటను కొడుక్కీ కుక్కకూ ఒకేలా వాడతాం. ఉర్దూలో లేపాలక్ అంటాం. ఈ మాటలు బిడ్డను పరిచయం చేయడానికి అక్కరలేదు. "మా అమ్మాయి" అంటే చాలు. వంశం దాచవద్దన్న ఆదేశానికి, ప్రతి అతిథి ముందు వంశావళి విప్పడానికి సంబంధం లేదు. ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కు పెద్దయ్యేకొద్దీ బిడ్డదే అవుతుంది. ఇంకొక అలవాటు ఉంది మన ఊళ్లలో. అల్లరి చేసే పిల్లలను ఆటపట్టించడానికి, "నిన్ను తవుడు పోసి కొనుక్కున్నాం" అంటారు. మిగతా ఇండ్లలో అది నవ్వులాట. ఈ ఇంట్లో మాత్రం అది ఎవరి నోటా రాకూడదు.

పండుగ రోజున ఈదీ పంచేటప్పుడు చూడండి. ఒక మామూ అందరు పిల్లలకూ నూరు రూపాయలిచ్చి ఈ బిడ్డకు యాభై ఇస్తాడు. ఆయన మనసులో దురుద్దేశం ఉండకపోవచ్చు. బిడ్డ మాత్రం లెక్కపెట్టుకుంటుంది. తల్లిదండ్రులు మొహమాటపడకుండా, పిల్లల ముందు కాకుండా, ఆ బంధువుతో మాట్లాడాలి. ఇంట్లో ఇదివరకే కన్నబిడ్డలుంటే వారికి కూడా ముందే చెప్పాలి. తమ్ముడో చెల్లెలో వస్తున్నారని సంబరపడినవారే పదిరోజులకు, "ఎప్పుడు తిరిగి పంపిస్తారు?" అని అడుగుతారు. కొట్టకండి. ఆ ప్రశ్న అడగడానికి వారికి కారణముంది.

శిశుగృహ నుండి వచ్చిన బిడ్డకు మీ ఇల్లు పరాయి చోటు. అక్కడ వరుసగా మంచాలు, రాత్రంతా వెలిగే దీపం, వేళ ప్రకారం పాలు, తనతోపాటు పదిమంది పిల్లల చప్పుడు. మీ ఇంట్లో చీకటి, నిశ్శబ్దం, కొత్త వాసనలు. కొందరు బిడ్డలు ఆగకుండా ఏడుస్తారు. కొందరు అసలు ఏడవరు. "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోకండి. ఏడిస్తే ఎవరూ రారని నేర్చుకున్న బిడ్డ కూడా ఏడవదు. నాలుగైదేండ్ల పిల్లలు రొట్టెముక్కను దిండు కింద దాచుకుంటారు. అది దొంగతనం కాదు. రేపు దొరుకుతుందో లేదోనన్న భయం. తిట్టకుండా, వాళ్లకు అందే ఎత్తులో ఒక డబ్బాలో బిస్కెట్లో ఖర్జూరాలో ఉంచండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని చెప్పండి. కొన్ని నెలలకు దిండు కింద దాచడం ఆగిపోవచ్చు, కొందరిలో సంవత్సరం పట్టవచ్చు.

మొదటి కొన్ని వారాలు విందులు పెట్టకండి. బంధువులంతా ఒకేసారి వచ్చి ఒళ్లోకి తీసుకుంటే బిడ్డకు ఎవరు అమ్మీ, ఎవరు అతిథి అన్నది తెలియదు. తినిపించడం, స్నానం, పడుకోబెట్టడం తల్లిదండ్రులే చేయాలి. తండ్రులు కూడా. శిశుగృహలో ఆడవాళ్లనే చూసిన బిడ్డ మగవాళ్లను, గడ్డాన్ని చూసి భయపడవచ్చు. నొచ్చుకోకండి, నేలమీద కూర్చుని ఓపిక పట్టండి. అక్కడినుంచి వచ్చిన దుప్పటిని, బట్టలను వెంటనే ఉతికేయకండి, పారేయకండి. వాటి వాసన ఒక్కటే ఆ బిడ్డకు తెలిసిన లోకం. నాలుగైదేండ్లు దాటిన బిడ్డ అప్పటికే ఒక పేరుకు పలుకుతుంది. ఆ పేరు మార్చడానికి తొందరపడవద్దు. అర్థంలో షిర్క్ లేని పేరును అలాగే ఉంచవచ్చు.

ఇక నిజం చెప్పడం. దీనికి ఒక రోజు నిర్ణయించుకోకండి, అలా నిర్ణయించుకున్నవారే వాయిదా వేస్తారు. బిడ్డకు మాటలు రాకముందే చెప్పడం ప్రారంభించండి. నిద్రపుచ్చేటప్పుడు చెప్పే కథల్లో అదొక కథగా ఉండాలి. అల్లాహ్‌ను చాలాకాలం వేడుకున్నామని, ఫలానా ఊరికి వెళ్లామని, ఆ రోజు వాన పడిందని, ఆమె ఎర్ర గౌను వేసుకుందని, బస్సులో నానీ ఒళ్లో నిద్రపోయిందని. అప్పుడు మీ గొంతు వణికినా ఆ బిడ్డకు తెలియదు, పదిసార్లు చెప్పేసరికి వణకడం మానేస్తుంది. తనకు తెలియని రోజంటూ ఆ బిడ్డకు ఉండదు. నాలుగేండ్లకు, "నీ కడుపులోంచి రాలేదా?" అని అడుగుతుంది. రాలేదని చెప్పాలి. ఎనిమిదేండ్లకు, "మరి ఆమె నన్నెందుకు వదిలింది?" అని అడుగుతుంది. ఈ ప్రశ్నకు చాలామంది తల్లులు తడబడతారు. తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఎరుగని స్త్రీ మీద నింద వేయడం మన ధర్మంలో ఎంత పెద్ద పాపమో మీకు చెప్పనక్కరలేదు. ఆ నింద ఆ బిడ్డ చెవిన పడితే, తన రక్తమే చెడ్డదని అనుకుంటుంది. ఆమె కోసం మీ బిడ్డతో కలిసి దుఆ చేయండి. పన్నెండు, పదమూడేండ్ల వయసులో కోపం వచ్చినప్పుడు, "నువ్వు మా అమ్మవు కావు" అనే మాట వస్తుంది. కన్నబిడ్డలు కూడా ఆ వయసులో ఇంతకంటే తక్కువేమీ అనరు. అన్నం పెట్టి, తలుపు తీసి ఉంచండి.

బడి దరఖాస్తులో తండ్రి లేదా సంరక్షకుడు అన్న గడి ఉంటుంది. మీరు సంరక్షకులైతే సంరక్షకుడనే వ్రాయండి. పాస్‌పోర్టుకు ఇద్దరు తల్లిదండ్రుల పేర్లూ తప్పనిసరి కాదని, తండ్రి, తల్లి, చట్టబద్ధ సంరక్షకుల్లో ఒకరి పేరు చాలునని 2016లోనే నిబంధన సడలించారు. ఆధార్‌లో ఫలానా వారి సంరక్షణలో అని వ్రాయించుకునే వీలుంది. నిజం వ్రాస్తే పనులు జరగవన్న భయం ఒకప్పుడు ఉండేదేమో, ఇప్పుడు చాలావరకు అవసరం లేదు.

ఇంట్లో ఒక పెట్టె ఉంచండి. కోర్టు లేదా కలెక్టరు ఉత్తర్వు, టీకాల కార్డు, శిశుగృహ ఫొటో, ఆ దుప్పటి ముక్క, పాలిచ్చిన తల్లి పేరు, మీ వసియ్యత్ నకలు అందులో పెట్టండి. తన మూలాలను వెతుక్కునే హక్కు దత్తు బిడ్డకు చట్టం ఇచ్చింది. పద్దెనిమిదేండ్లు నిండాక బిడ్డ వెళతానంటే తోడు వెళ్లండి.

నికాహ్ రోజు గురించి చెప్పి ముగిస్తాను. ఖాజీగారు తండ్రి పేరు అడిగినప్పుడు, తెలిస్తే కన్నతండ్రి పేరు చెప్పండి. తెలియకపోతే, వధువు ఎవరన్నది సాక్షులకు స్పష్టంగా తెలియడమే ముఖ్యమని పండితులు చెబుతారు. ఈ సంగతి ఖాజీగారితో వారం ముందే మాట్లాడుకోండి. సభలో ఎవరూ ఎవరి చెవిలోనూ గుసగుసలాడవలసిన పని ఉండదు. అదే దఫ్తరులో వధువు తరఫు వకీల్ అన్న గడి ఒకటి ఉంటుంది. ఆమె తన నోటితో మిమ్మల్ని నియమిస్తే, ఆ గడిలో మీ పేరు వ్రాయించుకోవడానికి షరీఅత్‌లో ఏ అడ్డంకీ లేదు.